సురభి నాటకములు – కూటివిద్య



వేంపల్లె నుండి రాయచోటికి పోవు దారి ప్రాంతమున, చక్రాయపేట మండలములో, సురభి యను చిన్న గ్రామము కలదు. అది నేడు పులివెందుల శాసనసభా నియోజకవర్గములో చేరినది. ప్రొద్దుటూరి అంగడివీథిలో గాని, జమ్మలమడుగు సంతలో గాని నిలిచి 'సురభి యెక్కడ నున్నది?' అని యడిగినచో, పదిమందిలో తొమ్మండుగురు 'అది నాటకాలవాళ్ల ఇంటిపేరు గదా!' అందురు. ఊరి పేరు ఇంటిపేరైనది. ఇంటిపేరు ఒక విద్యకే పేరైనది. ఊరు మాత్రము మఱుగున పడినది.

ఆ విద్య యొక్క చరిత్రయే నేటి ప్రసంగమునకు విషయము. ఎవరెప్పుడు పుట్టిరి, ఏ నాటకము ముందాడిరి, ఏది వెనుక నాడిరి అని వరుస చదివి ముగించుట నా యుద్దేశము కాదు. 'కోటివిద్యలు కూటికొఱకే' అని మనవారందురు. సాధారణముగా విద్యను చులుకన చేయవలసి వచ్చినప్పుడే ఆ మాట వాడుదురు. టిక్కెట్టు కొన్నవాని మెప్పుకొఱకు వేషము కట్టువాడు తన విద్యను ఎంతవఱకు నిలుపుకొనగలడు? బేరము కళను తినివేయునా, లేక దానికి అన్నము పెట్టునా? ఈ ప్రశ్నకు అలంకారశాస్త్రములలో సమాధానము వెదకుటకంటె, సురభివారి నూట నలువది యేండ్ల జమాఖర్చు తిరుగవేసి చూచుట మేలని నాకు తోచినది.

సురభివారి పూర్వులు ఆరె మరాఠీలు. మరాఠా దండులతోపాటు దక్షిణమునకు వచ్చినవారని ప్రతీతి. ఇంటిలో మరాఠీ కలసిన మాట, బయట తెలుగు మాట. వారి కులవిద్య తోలుబొమ్మలాట. మేకతోలును పలుచగా తీసి, రంగులు వేసి, కన్నములు పొడిచి, దీపపు వెలుగున తెల్లని తెరమీద ఆడించెడి ఆ బొమ్మలను మీలో చాలమంది చిన్ననాట చూచియే యుందురు. ఆ ఆటలో గమనింపవలసిన సంగతి యొకటి యున్నది. తెరవెనుక మగవారును ఆడువారును కలసియే పాడుదురు, కలసియే పలుకుదురు. సీత బొమ్మకు ఆడుదాని గొంతే. పసిబిడ్డలు ఆ దీపపు ప్రక్కనే నిద్రపోయి, ఆ పాటలోనే మేల్కాంచుదురు. విద్య వేఱు, కాపురము వేఱు అను భేదము వారికి ముందునుండియు లేదు.

1876 మొదలు 1878 వఱకు మన సీమను ఊడ్చిపెట్టిన ధాత కరవు కథలు మన యిండ్లలో నేటికిని చెప్పుకొందురు. గాదెలో గింజ లేని ఊరిలో బొమ్మలాటవానికి గింజలు కొలుచువాడెవడు? ఆ కరవు గడచిన యేడేండ్లకు, 1885లో, మన పంచాంగమున పార్థివ నామ సంవత్సరమున, సురభి గ్రామమునందొక పెండ్లి జరిగెను. ఊరి పెద్దలు వనారస వంశము వారిని పిలిచి, 'ఈమాఱు బొమ్మలు వద్దు, మీరే వేషములు కట్టి యాడుడు' అని కోరిరని చెప్పుదురు. వారు కీచకవధ నాడిరి. భారతకథ వారికి కొత్త కాదు. భీముని హుంకారము, ద్రౌపది మొఱ తరతరములుగా వారి నోట నున్నవే. గొంతు పాతది, దేహము మాత్రమే కొత్తది. కొనువాడు కోరినదానిని అమ్మువాడిచ్చెను. అంతవఱకు అది బేరమే. కాని ఆ రాత్రి ఆ పందిటిలో బొమ్మలాటవారు నటులైరి.

ఇదే కాలమున తెలుగు దేశమునందు నాటకము వేఱొక దారినిగూడ నడచుచుండెను. 1880లో ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి యాడి పోయిరి. ఆ యూరనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ శిష్యులచేత నాటకము లాడించిరి. మనకు దగ్గఱ నున్న బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1886లో సరసవినోదినీ సభను స్థాపించిరి. కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపిరి. తరువాత బళ్లారి రాఘవగారు ఆ యూరికి దేశదేశముల కీర్తి తెచ్చిరి. వీరు మువ్వురును వకీళ్లు. ఈ మాట నింద కాదు. వారి ప్రతిభకు చేయెత్తి మ్రొక్కెదను. అయినను నాటకము నడువకపోయిన రాత్రి వారి యింట పొయ్యి ఆరదు. కనుక నాయకుడు చచ్చెడి విషాదాంత నాటకమును వ్రాసి, 'చూచువాడు చూచును, లేనిచో పోవును' అని ధైర్యముగా అనగలిగిరి. సురభివారికి ఆ సౌకర్యము లేదు. జనము రానిచో ఆ రాత్రి నలువదిమందికి అన్నము లేదు.

వనారస గోవిందరావుగారు ఈ కాపురమునకు ఒక కట్టుబాటు కల్పించిన మహానుభావుడు. శ్రీ శారదా మనోవినోదినీ సంగీత నాటక సభ యని పేరుపెట్టి, ఊరూర సంచారము చేయుచు, ఆడువేషములు ఆడువారిచేతనే కట్టించెను. అల్లుండ్రు, కోడండ్రు, మనుమలు పెరిగినకొలది ఒక సమాజము రెండుగను, రెండు నాలుగుగను చీలెను. మఱ్ఱిచెట్టు ఊడలు దింపినట్లు కుటుంబము పెరుగుటయే సమాజము పెరుగుట. ఒకానొకప్పుడు సురభి పేరుతో పదులకొలది సమాజములు తెలుగు దేశమంతటను తిరుగుచుండెను.

ఇక జమాఖర్చుకు వత్తము. ఒక్క రాత్రికి కూడి, తెల్లవాఱగనే విడిపోవు సమాజమునకు ఖర్చు ఆ రాత్రిదే. సురభివారి ఖర్చు అట్టిది కాదు. నాటకమున్నను లేకున్నను, వాన కురిసినను, ఊరిలో మశూచి పుట్టినను, ముసలివారు మొదలు ఉయ్యాలలోని బిడ్డవఱకు అందఱును తినవలసినదే. తెరలు, పెట్టెలు, కొట్టపు రేకులు, దూలములు బండ్లమీదికెక్కించి ఇంకొక ఊరికి తరలించుటకు చాల వ్యయము. కనుక ఒక ఊర దిగినచో నెల, రెండు నెలలు అచ్చటనే యుండిన గాని గిట్టదు. అన్ని రాత్రులు ఆ ఊరివారే మరల మరల రావలెను. వచ్చినవానికి నిన్నటి నాటకమే చూపినచో రేపు రాడు. అందుచేత ఒక్కొక్క సమాజము పదుల నాటకములను కంఠస్థము చేసి సిద్ధముగా నుంచుకొనవలసి వచ్చెను. నేడు మాయాబజారు, రేపు లవకుశ, ఎల్లుండి శ్రీకృష్ణలీలలు, ఆవలినాడు బాలనాగమ్మ. మన కందిమల్లాయపల్లె మఠపు వీరబ్రహ్మేంద్రస్వామివారి చరిత్రకు ఈ సీమలో ఎప్పుడును కొఱత లేదు.

ఈ విధముగా బేరమే వారికి విస్తారమైన పాఠమును నేర్పినది. మూడేండ్ల ప్రాయమున బాలకృష్ణుడుగా రంగమెక్కిన బిడ్డ, పదేండ్లకు లవుడో కుశుడో యగును. మీసము వచ్చిన తరువాత అర్జునుడు. నడివయసున దుర్యోధనుడో ఘటోత్కచుడో. పండ్లూడిన వెనుక ధృతరాష్ట్రుడు. ప్రతివాడును ప్రతి వేషమును ఎఱుగును. ఒకనికి జ్వరము వచ్చిన, తెరలాగు కుఱ్ఱవాడు ముఖమునకు రంగు పూసికొని వచ్చి పద్యము తప్పకుండ చదువును. ఏ పాఠశాలయందును ఇంత గట్టి శిక్షణ నేను చూడలేదు. నలువదేండ్లకు దగ్గఱగా పాఠశాలలోనే యున్నవాడను గనుక ఈ మాట చెప్పుటకు నాకు కొంత యధికారము కలదు.

వారి 'చిత్రవిద్య' గుఱించి చెప్పక తీరదు. 1970 ప్రాంతమున సురభి సమాజమొకటి ప్రొద్దుటూరు వెలుపల బయలులో రేకుల కొట్టము వేసి విడిసియుండగా, మా నాయనగారితో కూడ నేల టిక్కెట్టు తీసికొని మాయాబజారు చూచితిని. నారదుడు మేఘములలోనుండి దిగెను. ఈ వైపునుండి ఒక బాణము, ఆ వైపునుండి ఒక బాణము పోయి నడిమిని ఢీకొని నిప్పురవ్వలు రాల్చెను. రంగమునకు ఈ కొననుండి ఆ కొనకు సన్నని తీగలు బిగించి, వానిపై బాణములు జారవిడుతురని నాకు చాల యేండ్లకు గాని తెలియలేదు. తెరమీద తెర లేచుచు, దర్బారు అడవియు, అడవి వీథియు క్షణములో నగుచుండెను. ఘటోత్కచుని బలగము విందు వంటకములను మాయము చేయునప్పుడు నా ప్రక్కనున్న ముసలమ్మ 'అయ్యో, పెండ్లివారికేమి పెట్టుదురమ్మా!' అని నిజముగనే కంగారుపడినది.

నాకు కావ్యములు చెప్పిన గురువుగారు ఈ విద్యను మెచ్చెడివారు కారు. 'అది గారడి, నాటకము కాదు. డబ్బుకొఱకు చేసెడి కనికట్టు' అనెడివారు. పండితులలో చాలమంది అభిప్రాయము అదియే. గురువుగారియందలి భక్తికి లోపము రాకుండ నేనొక్క మాట మనవి చేసెదను. భరతముని అభినయమును నాలుగు విధములుగా చెప్పెను: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. ఆహార్యములో పుస్తమను భాగము కలదు. కొండలు, రథములు, విమానములు మొదలగువానిని రంగమునకై కల్పించు పని యది. అందులో యంత్రముచేత కదలించెడి దానికి వ్యాజిమమని పేరుపెట్టి మఱీ చెప్పెను. సురభివారి తీగ, కప్పీ, త్రాడు ఆ వ్యాజిమమునకు సంతతియే. ఇంగ్లీషువారి షేక్స్పియరుగూడ తన నాటకశాలలో వాటాదారుడై, టిక్కెట్టు డబ్బులో భాగము పంచుకొని బ్రదికినవాడే. వారి గ్లోబు నాటకశాల 1613లో కాలిపోయినది, రాజుగారి ప్రవేశమునకు ఫిరంగి ప్రేల్చిన చిత్రవిద్యవలననే! కాబట్టి ఇది మనవారి చాపల్యము మాత్రమే కాదు. జనమును రప్పించుటకై మొదలుపెట్టినదైనను, ఏ రాత్రియు తప్పిపోకుండ నిలుపుటకు వారు పడిన శ్రమ కేవలము డబ్బుతో కొలువదగినది కాదు. తీగ వదులైనచో నారదుని వేషము వేసిన తమ్ముని ప్రాణమే పోవును గదా!

ఆడువారి సంగతిని కొంచెము చెప్పి ముందుకు పోయెదను. తక్కిన సమాజములలో స్త్రీవేషములు పురుషులే వేయుచుండిరి. స్థానము నరసింహారావుగారు ఆ విద్యలో శిఖరము. సురభిలో తల్లి ద్రౌపది, కూతురు ఉత్తర. కమలాబాయి తల్లిగారు నిండుచూలాలై దమయంతి వేషములో నుండగా రంగముమీదనే నొప్పులు వచ్చెననియు, జనము అదియు నాటకములోని ఘట్టమే యనుకొనిరనియు ఒక కథ వాడుకలో నున్నది. ఆ కమలాబాయియే తరువాత తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి యైనది. ఆ చిత్రము 1931లో వచ్చెనని చిరకాలము వ్రాసిరి. 1932 ఫిబ్రవరి 6న విడుదలయ్యెనని ఇటీవలి పరిశోధకులు తేల్చిరి.

చూడుడు, ఎంత విచిత్రము! సురభివారి కొట్టమును పడగొట్టిన సినిమాకు తొలి తెలుగు కథానాయికను ఇచ్చినది సురభియే.

సినిమా వచ్చినందుచేత నాటకము చెడినదని అందఱును అందురు. ఎట్లు చెడినదో విచారింపవలెను. జనమునకు మాయాబజారుమీద ప్రేమ తగ్గలేదు. 1957లో విజయావారి మాయాబజారు చిత్రమును ఎగబడి చూచినది ఆ జనమే. చిక్కు వేఱొకచోట నున్నది. సినిమాలో అద్భుతమును ఒక్కసారి చేసిన చాలును; ఆ రీలును వేయి ఊళ్లకు పంపవచ్చును. రంగముమీది అద్భుతమును ప్రతి రాత్రియు చేతులతో చేయవలెను. ప్రొద్దుటూరిలో నారదుడు దిగవలెనన్న, తీగ లాగుటకు మనిషి ప్రొద్దుటూరిలోనే యుండవలెను, వానికి భార్యాబిడ్డలుందురు, వారికి అన్నము కావలెను. జమ్మలమడుగునకు పోయిన, అక్కడ మరల మొదటినుండి. పెట్టె ఒకటి, యంత్రము ఒకటి, గుడారము ఒకటి తెచ్చుకొన్న టూరింగు టాకీసువానితో నలువదిమంది కాపురము వెలలో పోటీపడుట యెట్లు? అంతకు ముందు వచ్చిన ఒత్తిడుల నన్నిటిని సురభివారు విద్యగా మార్చుకొనగలిగిరి. కొత్త నాటకము కావలెనన్న నేర్చిరి; వింత కావలెనన్న కల్పించిరి. ఈ ఒక్క ఒత్తిడిని మార్చుకొను దారి వారికి దొరకలేదు. కొట్టములు ఒకటొకటిగా మూతపడెను. పిల్లలు కొందఱు సినిమాలకును, కొందఱు వేఱు కొలువులకును పోయిరి.

వాణిజ్యమునకు లొంగినచో నాటకమునకు మఱియొక గతియు పట్టునని చెప్పుటకు కంట్రాక్టు నాటకములను తలంపవలెను. పేరుపడిన నటులను రాత్రికింత యని కుదిర్చి, కంట్రాక్టరు నాటకము వేయించును. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు ఆడినప్పుడు ఒకే రాత్రి ఇద్దఱు, ముగ్గురు కృష్ణులు వత్తురు. ఒక్కొక్కరు తమ వంతు పద్యములకు రాగము తీసి, 'వన్సుమోర్' అనిపించుకొని, కిరాయి తీసికొని బస్సెక్కుదురు. ఆ గాత్రములు గొప్పవి, సందేహము లేదు. మన జమ్మలమడుగు ప్రాంతపు పల్లెలలో తెల్లవాఱుజామువఱకు ఆ పద్యములు విని, ఇంటికి పోవుచు దారిపొడుగున పాడుకొన్న రైతులను నేనెఱుగుదును. కాని కథ ఎచ్చట పోయినదో అడుగరాదు.

అంతకంటె దుర్గతి చింతామణికి పట్టినది. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనమును ఖండించుటకై ఆ నాటకమును వ్రాసిరి. అందులో సుబ్బిసెట్టి పాత్ర హాస్యమునకు ఉద్దేశింపబడినది. బూతుమాటకు చప్పట్లు ఎక్కువ మ్రోగుచున్నవని కనిపెట్టినవారు ఆ పాత్రను గంటలకొలది సాగదీసి, గ్రంథకర్త వ్రాయని మాటలన్నియు దానినోట పెట్టిరి. మా యూరి ప్రక్క తిరునాళ్లకు ఒకమాఱు ఒక కంట్రాక్టు సమాజమును పిలిచినప్పుడు, ఆడువారందఱును నడిరేయికి ముందే లేచి యిండ్లకు పోవుట నేను కన్నులార చూచితిని. వర్తకుల కులము నంతను వెక్కిరించినట్లున్న ఆ వేషము ప్రొద్దుటూరువంటి వ్యాపారపు పట్టణమున ఎంత నొప్పించునో చెప్పనక్కఱలేదు. తుదకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనమును నిషేధించెను. నిషేధము న్యాయమా కాదా యనుట వేఱు చర్చ. నారాయణరావుగారి నాటకము మాత్రము అంతకు చాలకాలము ముందే చప్పట్ల క్రింద పడి నలిగిపోయినది.

సురభివారును టిక్కెట్టు డబ్బుమీదనే బ్రదికిరి గదా, వారికా గతి యేల పట్టలేదు? నాకు తోచిన కారణమిది. కంట్రాక్టు నటుడు రేపు ఆ ఊర నుండడు. సురభివారు రేపును అక్కడనే యుందురు. ఆ బావిలోనే నీళ్లు తోడుకొనవలెను, ఆ యంగడిలోనే ఉప్పు కొనవలెను. పైగా తెరప్రక్కన కూతురు తన వంతుకై నిలిచియుండును. కోడలు చంకలో బిడ్డతో హార్మోనియము వినుచుండును. వారి యెదుట తండ్రి పలుకలేని మాట రంగముమీదికి వచ్చుట కష్టము. కాపురమే వారి నాటకమునకు కాపలా కాచినది. ఆ కాపురపు ఖర్చే దానిని కుంగదీసినది.

తోలును విడువని దాయాదుల కథయు వినదగినదే. ధర్మవరము దగ్గఱి నిమ్మలకుంటలో ఆ ఆరె మరాఠీలే నేటికిని బొమ్మలు చేయుచున్నారు. వారిలోని దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. అయితే రాత్రంతయు కూర్చుండి బొమ్మలాట చూచు ఊళ్లు అరుదైనవి. కనుక ఆ చేతులే ఆ తోలుమీద ఆ రంగులతోనే దీపములకు తొడుగులు చేసి పట్టణములకు పంపుచున్నవి. ఆ తొడుగులు చాల అందముగా నుండును. కొన్నవారు వానిని గదిలో వ్రేలాడదీసి సంతోషింతురు. హనుమంతుడు అందులోను ఉన్నాడు, కాని కదలడు, పలుకడు. వారిని తప్పుపట్టు నోరు నాకు లేదు. కొనువాడు అడుగునది దీపపుతొడుగే యైనప్పుడు వారేమి చేయుదురు? 1885లో సురభి పెద్దలు అడిగినది నాటకము గనుక నాటకము పుట్టినది.

నేడు మిగిలిన సురభి సమాజములు వ్రేళ్లపై లెక్కింపదగినవి. అందులో శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 1937లో వెలసినది. దానిని చిరకాలము నడపిన రేకందార్ నాగేశ్వరరావుగారిని జనము సురభి బాబ్జీ యని పిలిచిరి. కన్నడ దేశపు ప్రఖ్యాత దర్శకుడు బి. వి. కారంత్‌గారు 1990 తరువాత ఈ సమాజముతో పనిచేసి వారిచేత కొత్త నాటకములను ఆడించిరి. అరువది యేండ్లనాటి పద్ధతిలో పెరిగినవారు ఆ కొత్త పాఠమును శ్రద్ధగా నేర్చిరి. కాని పాత చిత్రవిద్యను విడువలేదు. 2013లో బాబ్జీగారికి పద్మశ్రీ వచ్చినది. ఆ యేడే వారు ఫ్రాన్సు దేశపు మెట్జ్ నగరమునకు తమ తెరలు, తీగలు తీసికొని పోయి ఆడి వచ్చిరి. బాబ్జీగారు 2022 జూన్‌లో కీర్తిశేషులైరి.

ఇప్పుడు వారి కొట్టము ఊరూర తిరుగుట లేదు. హైదరాబాదు చెంత శేరిలింగంపల్లిలో వారి కాపురములున్నవి. పిలిచిన చోటికి లారీలో తెరలు వేసికొని పోయి యాడుదురు. రాత్రియంతయు సాగిన నాటకమును రెండు, రెండున్నర గంటలకు కుదించిరి. పద్యములు తగ్గెను, తీగలు తగ్గలేదు. సర్కారు ఇచ్చు సహాయద్రవ్యము కొంత, పిలిచినవారిచ్చు సంభావన కొంత. దానితో పిల్లల చదువులు, తెరల మరమ్మతులు జరుగవలెను. పిల్లలు పగలు బడికి పోయి, సాయంకాలము ప్రహ్లాదుని పద్యము వల్లింతురు. చదివి ఉద్యోగములకు పోయిన యువకులు కొందఱు సెలవు పెట్టి వచ్చి వేషము కట్టుదురు. ఘటోత్కచుడు ఆట ముగిసిన పిదప కిరీటము దించి, ముఖమున సగము రంగుతోనే, తెరత్రాళ్లు చుట్టి లారీకెత్తును; తెల్లవాఱులోపల ఆ బాణముల తీగను జాగ్రత్తగా తుడిచి పెట్టెలో పెట్టవలెను, లేనిచో తుప్పు పట్టును.